తలుపు వేసుకున్నవాడి మీదే అనుమానం

అండమాన్ దీవుల్లోని మా బతు బస్తీలో ఎవరైనా కొత్త ఫోనో పాత ల్యాప్‌టాపో పట్టుకొస్తే నేను ముందు తెరిచేది బ్రౌజర్ సెట్టింగ్స్. థర్డ్ పార్టీ కుకీలు ఆపేస్తాను. యాడ్ బ్లాకర్ వేస్తాను. బ్రౌజర్ మూయగానే కుకీలన్నీ చెరిగిపోయేలా పెడతాను. ఇక్కడ చాలా ఇళ్లలో ఒకే ఫోన్ అందరి చేతుల్లోనూ తిరుగుతుంది. తండ్రి బ్యాంకు పని, కూతురి పరీక్ష దరఖాస్తు, శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మకు వీడియో కాల్, అన్నీ అందులోనే. అలాంటి ఫోన్‌ను భద్రంగా చేసి ఇవ్వడం నాకు ఇష్టమైన పని.

ఈ మధ్య అలా చేసి ఇచ్చిన ఫోన్లే తిరిగి వస్తున్నాయి. "అన్నయ్యా, టికెట్ పేజీ రావట్లేదు. నువ్వు పెట్టినవన్నీ తీసెయ్" అంటున్నారు. తీసుకుని చూస్తే తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. నేను రోబోను కాదు అన్న గడిలో టిక్కు పెడితే ఒక క్షణం ఆగి మళ్లీ అదే గడి చూపిస్తుంది. కుకీలు ఆన్ చేయండి, జావాస్క్రిప్ట్ ఆన్ చేయండి అని ఒక వాక్యం. అంతకుమించి ఏమీ చెప్పదు.

బాట్‌లను ఆపే కాపలా ప్రోగ్రాంకి మనం కనిపించం. మన బ్రౌజర్ వదిలే ఆనవాళ్లే కనిపిస్తాయి. తెర కొలత ఎంత, ఏయే ఫాంట్లున్నాయి, ఒక బొమ్మ గీయమంటే ఈ పరికరం ఎలా గీసింది, గడియారం ఏ ప్రాంతానిది, ఇంతకుముందు పరీక్ష నెగ్గినట్టు కుకీ ఉందా, ఇవన్నీ కలిపి ఒక అంచనాకు వస్తుంది. ప్రకటనల కంపెనీలు మనల్ని ఒక సైటు నుంచి ఇంకో సైటుకు వెంటాడటానికి కుకీలతో పాటు ఇలాంటి ఆనవాళ్లనూ వాడుకుంటాయి, దీన్నే ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. అందుకే గోప్యతకు విలువిచ్చే బ్రౌజర్లు వీటిని దాస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఫింగర్‌ప్రింటింగ్‌ను అడ్డుకునే కఠినమైన సెట్టింగ్ ఒకటుంది. అది ఆన్ చేస్తే మన గడియారాన్ని భారత కాలంగా కాక యూటీసీగా చెబుతుంది. ఐపీ చిరునామా చూస్తే భారతదేశం, గడియారం చూస్తే అయిదున్నర గంటలు వెనక. మనకు అది జాగ్రత్త, కాపలా ప్రోగ్రాంకి అబద్ధం. దొంగ బాట్‌లు కూడా తమ ఆనవాళ్లు దాచుకుంటాయి కాబట్టి ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంది. వీధిలో తలుపు బార్లా తెరుచుకున్నవాడు పెద్దమనిషి, గడియ పెట్టుకున్నవాడు దొంగ అన్నట్టుంది ఈ లెక్క.

దీవుల్లో ఉన్నవాళ్లకు దీన్ని భరించడం ఇంకా కష్టం. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా మాకు ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగానే వచ్చేది. సంకేతం దాదాపు 36,000 కిలోమీటర్లు ఎక్కి దిగి, జవాబు మళ్లీ అదే దారిలో రావాలి. ఓటీపీ వచ్చేసరికి పేజీ గడువు తీరిపోయేది. దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ ఆ బాధ తీర్చింది. వేగం కోసం అన్నేళ్లు ఎదురుచూసిన మనుషులు ఇప్పుడు ఈ చక్రం ముందు కూర్చోవడం చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. పైగా ఇక్కడ టికెట్ దొరక్కపోవడమంటే చిన్న నష్టం కాదు. విశాఖకు ఓడ తరచుగా ఉండదు. ఒక ఓడ తప్పితే మెయిన్‌ల్యాండ్‌లో దాని వెనక కొన్న రైలు టికెట్ కూడా పోతుంది.

ఇంకో చిక్కు మొబైల్ డేటాది. ఐపీవీ4 చిరునామాలు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే. చాలక ఫోన్ కంపెనీలు ఎంతోమంది ఖాతాదారుల్ని ఒకే చిరునామా వెనక నిలబెడతాయి. అందులో ఒకరి ఫోన్‌లో పాడు యాప్ దూరి ఒక సైటును తెగ తడుముతుంటే, మచ్చ పడేది అందరూ వాడే ఆ చిరునామా మీద. దాంతో ఏ పాపం ఎరగనివాళ్లు కూడా పరీక్షకు నిలబడాలి.

కాపలా అక్కర్లేదని నేను అనను. తత్కాల్ బుకింగ్ తెరిచిన మొదటి అయిదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్‌లవే ఉంటున్నాయని, రెండున్నర కోట్లకు పైగా యూజర్ ఐడీలు నిలిపివేశామని 2025లో రైల్వే శాఖ చెప్పింది. ఆ జూలై 1 నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి అయింది. రైలు టికెట్ మీద ఎలాగూ పేరుంటుంది కాబట్టి అక్కడ గుర్తింపు అడిగితే నాకు అభ్యంతరం లేదు. అయితే నువ్వు మనిషివేనా అని అడగడం వేరు, నువ్వెవరివి అని అడగడం వేరు. ఓడ వేళలు చూసుకునే మనిషిని రెండో ప్రశ్న అడిగే హక్కు ఎవరికీ లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పిన దేశం ఇది.

రెండో ప్రశ్న అడక్కుండా మొదటిదానికి జవాబు రాబట్టే దారి ఉంది. ప్రైవసీ పాస్ అనే పద్ధతికి 2024లో ఇంటర్నెట్ ప్రమాణంగా రూపం వచ్చింది. ఒకచోట మనిషినని నిరూపించుకుంటే టోకెన్లు ఇస్తారు. వాటిని వేరేచోట వాడినప్పుడు, ఎవరు ఎక్కడ వాడారో ఇచ్చినవాళ్లకు తెలియకుండా గణితమే అడ్డుపడుతుంది. ఆపిల్ తన ఫోన్లలో 2022 నుంచి ఇలాంటిది పెట్టింది. కానీ అక్కడ హామీ ఇచ్చేది ఫోన్ తయారుచేసిన కంపెనీ. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఆండ్రాయిడ్ పట్టుకున్న మా జెట్టీ కూలీకి ఆ హామీ ఎవరిస్తారు?

అన్నిటికన్నా నన్ను భయపెడుతున్నది వేరే ఉంది. ఈ క్యాప్చా పరీక్షలు జనానికి తెర ఏం చెబితే అది చేసేయడం నేర్పాయి. ట్రాఫిక్ లైట్లున్న గడులు నొక్కమంటే నొక్కుతారు, రక్షణ తీసేయమంటే తీసేస్తారు. మోసగాళ్లు 2024 నుంచి ఈ అలవాటునే పట్టుకున్నారు. అచ్చం క్యాప్చాలా ఉండే పేజీ వస్తుంది. మనిషినని నిరూపించుకోవడానికి విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కమంటుంది. తర్వాత కంట్రోల్, వీ. చివర ఎంటర్. ఆ పేజీ అప్పటికే చడీచప్పుడు లేకుండా కాపీ చేసి పెట్టిన ఆదేశాన్ని కంప్యూటర్ యజమానే తన చేత్తో నడిపించినట్టవుతుంది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులన్నీ ఎత్తుకుపోయే ప్రోగ్రాం లోపలికి దిగుతుంది. మా ఇంటికొచ్చే ప్రతి ఒక్కరికీ ఇదొక్కటి మాత్రం చెప్పి పంపుతున్నాను. నిజమైన క్యాప్చా ఏదీ బ్రౌజర్ దాటి బయటకు వెళ్లి ఏదో అతికించమని అడగదు. అడిగిందంటే ఆ పేజీ మూసేయండి.

సెట్టింగ్స్ అన్నీ తీసేయమన్నవాళ్లకు తీసి ఇవ్వడం లేదు. రెండో బ్రౌజర్ వేస్తున్నాను. అది టికెట్లకీ దరఖాస్తులకీ మాత్రమే. అందులో కుకీలు ఆ ఒకటి రెండు సైట్లకే నిలుస్తాయి, పాస్‌వర్డులు దాచుకోవడం ఉండదు. మొదటి బ్రౌజర్ జోలికి పోను. పెద్దవాళ్లకు రెండు గుర్తుల మధ్య తేడా అలవాటయ్యేదాకా విసుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా మళ్లీ చూపిస్తాను.

సైట్లు కట్టేవాళ్లను నేను కోరేది పెద్దదేం కాదు. ఓడ వేళలు, ఖాళీ సీట్లు, ఆసుపత్రి ఓపీ సమయాలు, పరీక్ష ఫలితాలు చూడటానికి ఏ పరీక్షా పెట్టకండి. డబ్బు కట్టే మెట్టు దగ్గర పెట్టండి చాలు. చూపు లేనివాళ్లు బొమ్మల గడులు దాటలేరు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి వాళ్లకు వేరే దారి ఉంచడం దయ కాదు, బాధ్యత. ఎవరినైనా ఆపితే ఎందుకు ఆపారో తెర మీద తెలుగులోనో హిందీలోనో రాయండి. ఏ సెట్టింగ్ అడ్డొచ్చిందో తెలిస్తే దాన్నొక్కదాన్నే సడలించి, టికెట్ చేతికి రాగానే మళ్లీ బిగించేస్తాను.