శుద్ధివాదం, సాహిత్యం: గూగూడు పీర్ల పాటలపై ఒక పరిశీలన

మతాన్ని శుద్ధి చేయబూనిన ఉద్యమాలు సాహిత్యానికి శత్రువులన్న అభిప్రాయం మన విద్యావంతులలో గట్టిగా పాతుకుని ఉంది. ఇందులో సగమే నిజం. ఇంగ్లండులో ప్యూరిటన్ల ప్రాబల్యం పెరిగిన రోజుల్లో, 1642లో, పార్లమెంటు నాటకశాలలను మూయించింది. మసాచుసెట్స్ వలసలో 1659లో క్రిస్మస్ పండుగనే నిషేధించారు. అయితే మిల్టన్ ఆ పక్షంవాడే. పాత్రలకు మాట్లు వేసి బతికిన బన్యన్ 1678లో ప్రచురించిన యాత్రికుని కథ కూడా ఆ మత జీవితం నుంచి పుట్టినదే. ప్రతి మనిషీ గ్రంథాన్ని తానే చదవాలి, తన మనస్సును తానే శోధించుకోవాలి అన్న పట్టుదల నుంచి సూటి వచనం వచ్చింది. రెండు శతాబ్దాల తర్వాత హాథార్న్ తన ప్యూరిటన్ పూర్వీకులతో కలహిస్తూ 1850లో 'స్కార్లెట్ లెటర్' రాశాడు. ఆ కలహం లేని అమెరికన్ నవలను ఊహించడం కష్టం.

మన దగ్గరా ఇదే జరిగింది. 1831లో బాలాకోట్‌లో అమరుడైన షా ఇస్మాయీల్ రచన 'తఖ్వియతుల్ ఈమాన్' వాదం సంగతి ఎలా ఉన్నా, సామాన్యుడికి అర్థమయ్యే ఉర్దూ వచనానికి అది తొలి మెట్లలో ఒకటి.

ఇక అనంతపురం. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల ఇది. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పేరిట మొహర్రం జరుగుతుంది. అగ్నిగుండం, చక్కెర చదివింపులు, పెద్ద సరిగెత్తు నాటి జనం జిల్లా అంతటికీ తెలిసినవే. వచ్చేవారిలో హిందువులే ఎక్కువ. తౌహీద్ దృష్టితో దీనిపై వచ్చే అభ్యంతరం కొత్తది కాదు, తేలికైనదీ కాదు. విమర్శకుడు దాన్ని పక్కకు నెట్టి 'మత సామరస్యం' అని మురిసిపోతే సరిపోదు.

పాటలనే చూద్దాం. ఈ సీమలో పీర్ల పాటలు రెండు రకాలు. ఒక రకం కర్బలా శోకం: మూసివేసిన ఫురాత్ నది, నీళ్లకోసం వెళ్లి తిరిగిరాని హజ్రత్ అబ్బాస్ (ర), గుడారంలో ఎదురుచూసే పసిబిడ్డ సకీనా. బావి ఎండిపోయిన ఊళ్లో దాహం గురించి ఎవరికీ వివరించనక్కరలేదు. అరబ్బు ఎడారి కథ ఇక్కడ అనువాదం లేకుండానే తెలుగైంది. రెండో రకం మొక్కుల పాట: వాన ఇమ్మని, బిడ్డను ఇమ్మని పీరునే అడగడం. ఇక్కడ ధర్మవేత్త అభ్యంతరమూ సాహిత్య విమర్శకుని అభ్యంతరమూ ఒకటే అవుతాయి. తలచుకుంటే వాన కురిపించగలవాడికి దాహమెందుకు? హజ్రత్ ఇమామ్ హుసైన్ (ర) ను వరమిచ్చే దేవుణ్ణి చేసిన క్షణానే ఆయన త్యాగం అర్థం పోగొట్టుకుంటుంది, పాట చప్పబడుతుంది. విచారమేమంటే, మన ఉపన్యాసకులు ఈ రెంటికీ తేడా పాటించరు. మొక్కు పాటతోపాటు శోక గీతమూ 'బిద్అత్' అన్న ఒక్క మాటతో కొట్టుకుపోతోంది.

అఫ్సర్ మొహమ్మద్ గారు 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' గ్రంథంలో గూగూడును శ్రద్ధగా చదివారు. 'అస్లీ ఇస్లాం' కోరేవారి మాటలనూ విన్నారు. కాని అది పండుగ గురించిన పుస్తకం. శుద్ధివాదుల తెలుగు ఎటువంటిదో తూచే పని మిగిలే ఉంది.

ఆ తెలుగుకు గుణాలున్నాయి. దైవభీతి, పరలోకం, ఏకదైవారాధన వంటి మాటలతో తర్కానికి తగిన స్పష్టత వచ్చింది. దూదేకుల ఇంటి పిల్లవాడు తన ధర్మాన్ని మాతృభాషలో చదువుకోగలిగాడు, ఇది చిన్న లాభం కాదు. లోపమల్లా ఆ వచనంలో ఈ నేల కనబడకపోవడం. వేరుశెనగ ఎండిపోయిన ఏడు వడ్డీకి అప్పు తేవాలా వద్దా అని రాత్రంతా మథనపడిన ముస్లిం రైతు అందులో ఎక్కడ? వానకోసం ఊరి బయట నిలబడి చేసే ఇస్తిస్ఖా నమాజు గురించి నియమాలు రాశాం, ఆ వరుసలో నిలబడ్డవాడి గుండె గురించి రాయలేదు. బన్యన్ రాసింది సరిగ్గా దాన్నే. (కటారుపల్లి వేమన సమాధి ఉన్నదీ ఈ ప్రాంతంలోనే. రాతికి మొక్కడాన్ని నిలదీయడానికి మట్టి వాసనగల తెలుగు చాలునని ఈ సీమకు ఒకరు నేర్పి పెట్టే ఉన్నారు.) తండ్రి ఎత్తిన పీరుకూ కొడుకు చదివిన గ్రంథానికీ మధ్య ఇంట్లో జరిగే వాదమే ఒక నవలకు సరిపోతుంది. 1998లో వచ్చిన 'జల్‌జలా' సంకలనం తర్వాత ముస్లిం కవి దేశంతో, సమాజంతో బలంగానే మాట్లాడాడు. ఈ ఇంటి వాదం జోలికి మాత్రం తక్కువగా పోయాడు.

తెలుగులో ఖుర్‌ఆన్‌ను మొట్టమొదట అనువదించిన చిలుకూరి నారాయణరావు గారు అనంతపురం దత్తమండల కళాశాల అధ్యాపకులు. హిందువైన ఆ పండితుడే తెలుగు సామెతలనూ సేకరించారు. గ్రంథాన్ని తెలుగు చేయడమూ జనం నోటి మాటను రాసిపెట్టడమూ ఆయనకు విరుద్ధమనిపించలేదు. సామెతను రాసుకున్నంత మాత్రాన దాన్ని నమ్మినట్టు కానట్లే, శోక గీతాన్ని రాసుకున్నంత మాత్రాన పీరుకు మొక్కినట్టు కాదు. ఈ పని చేయగలిగినవారు చదువుకున్న సంస్కరణ కుటుంబాల పిల్లలే. పాటలు గుర్తున్న జేజులు ఉన్నది వారి ఇళ్లలోనే.