దొర చెడ్డవాడా, చట్టం చెడ్డదా?

2022లో వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్' సినిమాలో మా భీం ఢిల్లీకి పోతాడు. తెల్లదొర ఎత్తుకుపోయిన గోండు పిల్లను తెచ్చుకోవడానికి. కల్పన అని సినిమావాళ్లే చెప్పారు, దాంతో మాకు తగువు లేదు. ఆ కల్పనలో కొట్టుకుపోయినదాని గురించే మా మాట.

కొమురం భీం పోరాడింది నిజాం సర్కారుతో. జోడేఘాట్ ముఖం చూడనివాళ్లు హైదరాబాదులో కూర్చుని అడవిని రిజర్వు అన్నారు. దున్నుకున్న చేను నేరమైంది. పశువు మేస్తే బంచరాయి పన్ను. 1940లో భీం పోలీసు తుపాకులకు ఒరిగాడు. మన్యంలోనూ ఇదే కథ. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు సంకెల వేసింది, 1922లో మన్యం లేచింది. దొర చెడ్డవాడైతే దొరను మారిస్తే చాలు. చట్టమే చెడ్డదైతే, అర్జీ వినేవాడు అంత దూరాన ఉంటే, జనం ఎంతకాలం ఓర్చుకుంటారు?

సినిమాలో పిల్ల ఇల్లు చేరగానే గూడెం కష్టం తీరిపోతుంది. చివర భీం చదువు అడుగుతాడు. జల్, జంగల్, జమీన్ అని రాసేది రాముడి చెయ్యి. బడిపంతుళ్లం కదా, మాకు అక్కడే గుచ్చుకుంది. జోడేఘాట్ తర్వాతే సర్కారుకు మా గోడు వినబడింది. హైమన్‌డార్ఫ్ వచ్చి మా బతుకులు రాశాడు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. ఆ పలకాబలపం వెనుక భీం నెత్తురుంది.

సికింద్రాబాదులో రైలు దిగి తార్నాక దారిన ఉస్మానియా క్యాంపస్‌కు పోయే మా పిల్లలకు ఒక మాట. భీం మీద వ్యాసం రాస్తే అటవీ చట్టంతో మొదలుపెట్టండి. ఆ రిజర్వు గీత ఇవాళ్టికీ మన పోడుచేల మీదుగానే పోతోంది.