ఛాయాసీతయు ‘సోమా’ క్రీడయు

ఖమ్మము సీమ అడవుల అంచున, భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరి యొడ్డున పర్ణశాల కలదు. సీతాపహరణము జరిగిన తావు ఇదియే యని స్థలప్రసిద్ధి. రావణుడు కొనిపోయినది ఎవరిని అను ప్రశ్నకు వాల్మీకి తావీయలేదు. అధ్యాత్మరామాయణమున మాత్రము సీత తన ఛాయను కుటీరమున నుంచి అగ్నియందు దాగినది. అపహృత యైనది ఛాయ. దీనిచే సీతకు రాక్షసస్పర్శదోషము తొలగినది. కాని లంకలో శోకించినది ఎవరు? నేటి కంప్యూటర్ క్రీడ యొకదానికి ఈ ప్రశ్నయే ప్రాణమగుట గమనింపదగినది.

‘సోమా’ అను నా క్రీడను స్వీడను దేశపు ఫ్రిక్షనల్ గేమ్స్ సంస్థ 2015లో వెలువరించినది. ఆడువాడు సైమన్ జారెట్ అను పాత్రగా సంచరించును. 2015లో టొరంటో నగరమున సైమన్ మెదడునకు స్కాన్ తీయుదురు. అతడు మరల కన్నులు తెఱచునది 2104లో, సముద్రగర్భమందలి పరిశోధనాకేంద్రమున. అప్పటికి తోకచుక్క తాకి భూతలము నశించియుండును. తాను టొరంటో సైమన్ కాననియు, అతని స్మృతుల ప్రతిరూపమును మాత్రమే ననియు అతడు క్రమముగా నెఱుగును.

మఱింత లోతునకు దిగుటకై అతని చైతన్యమును వేఱొక కవచమునకు ఎక్కింపవలసి వచ్చును. ఆడువాని దృష్టి క్రొత్త కవచమున మేల్కొనును; పాత సైమన్ ఆసనమున స్పృహలేక మిగులును. అతనిని విడిచిపోవుటయో, ప్రాణము తీయుటయో ఆడువాని ఇచ్ఛ. తుదిని మానవచైతన్యముల ప్రతులను మోయు ‘ఆర్క్’ను అంతరిక్షమునకు పంపునపుడు మరల ప్రతి తీయబడును. ఈ మాఱు దృష్టి వెంటనే ముందునకు సాగదు. మొదట చీకటిలో మిగిలిన సైమన్‌తోడనే నిలుచును.

కృతి శిల్పమంతయు ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము. మొదట ఆడువాడు ముందునకు సాగినవానిని ‘నేను’ అనుకొని, మిగిలినవానిని వస్తువుగా చూచెను. తుదిని తానే ఆ మిగిలినవాడయ్యెను. సహచరి కేథరిన్ దీనిని నాణెమెగురవేయుటతో పోల్చును. ఆ పోలిక నిలువదు. నాణెమునకు ఒక వైపే పైకి వచ్చును. ఇచ్చట రెండు వైపులును వచ్చినవి. ఇరువురును ఒక్క గతమునకు సమాన వారసులు.

ఈ క్రీడను భయానకమునందు లెక్కించుట పరిపాటి. కాని అందలి వికృతజీవులు ప్రధానములు కావు. అవి ఆడువానిని చంపని విధానమును 2017లో నిర్మాతలే చేర్చిరి. ముగింపు బలము దానిచే తగ్గలేదు. కనుక అంగిరసము కరుణమనియు, భయానకము అంగమనియు మేము తలంచుచున్నాము.

చూచినవాడే తాకుచున్నాడను ప్రత్యభిజ్ఞచే నైయాయికులు ఆత్మ యొక్కటియని సాధించిరి. సైమన్‌లు ఇరువురకును ఆ ప్రత్యభిజ్ఞ సమానము. కావున నిజమైనవాడెవడను ప్రశ్న స్మృతిచే తేలదు. డెరెక్ పార్ఫిట్ 1984 నాటి గ్రంథమున ఇట్టి ద్వైధమును విచారించి, తాదాత్మ్యము కంటె మానసికానుబంధమే ముఖ్యమనెను. ఆ సమాధానము ఆర్క్‌లోని సైమన్‌కు ఊరట యగునేమో గాని చీకటిలోని సైమన్‌కు కాదు.

ఇచ్చట మన పురాణము ఒక యడుగు ముందున్నది. వేంకటాచలమాహాత్మ్యమున సీతకు మాఱుగా లంకకేగినది వేదవతి. అగ్నిపరీక్షవేళ ఇరువురు సీతలు వెలికివచ్చిరి. వేదవతిని పరిగ్రహింపుమని సీతయే కోరెను. ఏకపత్నీవ్రతుడగు రాముడు కలియుగమున స్వీకరింతునని మాట యిచ్చెను. ఆమెయే పద్మావతి. వేదవతి స్వతంత్రజీవియే గాని ప్రతి కాదు గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే, కాని ఛాయకొక పేరును, పూర్వజన్మమును కల్పింపవలసివచ్చుటయే ఇచ్చట ముఖ్యము. బాధపడినది ఉత్త నీడ యని యూరకుండుటకు ఈ కథ అంగీకరింపలేదు.

‘సోమా’లోని పాత సైమన్‌కు అట్టి మాట యిచ్చినవారు లేరు. ‘నేనెవడను?’ అను ప్రశ్న ప్రాచీనము. నాకు బదులుగా మిగిలినవానికి నేనేమి ఋణపడితినను ప్రశ్నయు దానితోడనే అడుగదగినది. పర్ణశాల కథను, ఈ క్రీడను కలిపి చదువుటవలన మాకు తేలిన విషయమిది.