మూడు అంకెలు, ఒక ఆకురాయి

చేతిలో ఇమిడే బ్యాటరీ రంపాలు శంషాబాద్ చుట్టూ ఉన్న ఫామ్‌హౌసుల్లో, మామిడి తోటల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. మెప్పంతా మోటారుకే పోతోంది. కొమ్మను కోసేది మాత్రం చైన్. ఆ చైన్‌ను కోసేలా ఉంచేది ఆకురాయి పట్టిన మనిషి. ఈ మాట నమ్మనివాళ్లు ఒక్కసారి మైలార్‌దేవ్‌పల్లికి రండి. కాటేదాన్ షెడ్ల పక్కన రంపాలకు పదును పెట్టే ఒక పెద్దాయన పనితనం చూపిస్తాను.

ఆయన చైన్ తీసుకోగానే అద్దాలు సవరించుకోడు, కొలబద్ద వెతకడు. పన్ను అంచు మీద బొటనవేలి గోరు ఆనిస్తాడు. గోరు జారితే మొండి, పట్టుకుంటే పదును. ఎడమ వరుస పళ్లు కుడి వరుస కంటే వెంట్రుకవాసి పొట్టిగా ఉన్నా ఆయన వేలికి తెలిసిపోతుంది. రంపం ఒక పక్కకే లాగుతోందని, కొత్త మోటారు వేయించాలని వచ్చినవాళ్లకు ఆయన చెప్పేది ఒకటే: "మోటరుకేం కాలే సార్, పళ్లే మొండి పడ్డయ్." తర్వాత ఒక వేప కొమ్మ కోసి చూపిస్తాడు. పిండిలాంటి పొట్టు రాలితే పని మిగిలినట్టే. పెచ్చులు పెచ్చులుగా రాలితేనే చైన్ చేతికిస్తాడు.

చైన్ రంపం చరిత్ర చిత్రమైనది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో స్కాట్లాండ్ వైద్యులు ఎముక కోయడానికి వాడిన చేతి పనిముట్టే దీనికి మూలమంటారు. 1946లో అమెరికాలోని ఆరెగాన్ అడవుల్లో పనిచేసే జోసెఫ్ కాక్స్, మొద్దును తొలిచే పెంకుపురుగు లార్వాను గమనించాడు. అది ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు నములుతూ ఎటైనా సులువుగా దూసుకుపోతోంది. అదే పద్ధతిలో కుడి, ఎడమ పళ్లతో చైన్ చేసి, 1947లో కంపెనీ పెట్టాడు. ఈనాటికీ పళ్ల వరస అదే. పురుగులో రంపాన్ని చూసిన కాక్స్ చూపు, గోటితో పన్ను చదివే మా పెద్దాయన వేలు ఒకే జాతివి.

ఇక కొత్త చైన్ కొనడం. "నాలుగంగుళాల చైన్ ఇవ్వండి" అంటే చాలదు. మూడు అంకెలు చెప్పాలి. మొదటిది పిచ్: వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే వచ్చేది. చిన్న రంపాల్లో ఎక్కువగా పావు అంగుళం, కొంచెం పెద్దవాటిలో 3/8 లో-ప్రొఫైల్. రెండోది గేజ్: చైన్ తిరిగే బార్ గాడిలో కూర్చునే డ్రైవ్ లింకు మందం. సాధారణంగా 1.1 లేదా 1.3 మి.మీ. మూడోది డ్రైవ్ లింకుల సంఖ్య. నాలుగంగుళాల రంపాల్లో తరచూ 28 ఉంటాయి. అయినా పాత చైన్ ముందేసుకుని లెక్కపెట్టడమే మేలు. పిచ్ తప్పితే చైన్‌ను తిప్పే పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్, అరిగిపోతుంది. గేజ్ ఎక్కువైతే చైన్ గాడిలో దిగదు, తక్కువైతే ఊగిసలాడి వంకరగా కోస్తుంది.

బిగించే ముందు బ్యాటరీ తీసేయాలి, చేతికి గ్లోవ్స్ వేసుకోవాలి. గాడిలో పేరుకున్న పొట్టు గీకేయాలి. బార్ పైఅంచున పళ్ల పదును ముక్కు వైపు చూడాలి. ముక్కును కాస్త పైకెత్తి పట్టి బిగించాలి. చైన్ బార్ కింది అంచుకు ఆనాలి, చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. కొత్త చైన్ సాగుతుంది గనుక నాలుగు కొమ్మలు కోశాక మళ్లీ చూడాలి. పనయ్యాక కాస్త వదులు చేయాలి. వేడికి సాగిన చైన్ చల్లారితే బిగుసుకుని బార్‌ను, షాఫ్ట్‌ను నొక్కేస్తుంది.

పదునులోనే అసలు విద్య ఉంది. పావు అంగుళం పిచ్‌లో సన్న రకానికి 3.2 మి.మీ., 3/8 లో-ప్రొఫైల్‌కు 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి కావాలి. చాలా చైన్లకు కోణం 30 డిగ్రీలు. లోపలి నుంచి బయటికే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఆనించకూడదు. ప్రతి పన్నుకూ అన్నే తోపులు. అన్నిటికన్నా పొట్టి పన్ను ఎంతుందో మిగతావన్నీ అంతకు రావాలి. పన్ను ముందుండే డెప్త్ గేజ్‌నూ అప్పుడప్పుడు తగ్గించాలి. మరీ తగ్గిస్తే రంపం ఎగిరి మీదికొస్తుంది. రెండు చైన్లు అరిగాక స్ప్రాకెట్ మార్చాలి. బార్‌ను మధ్యమధ్య తిరగేస్తే రెండంచులూ సమంగా అరుగుతాయి.

ఈ శ్రమంతా చెట్టు కోసం. జూన్, జూలైలో కోతలయ్యాక మామిడి కొమ్మలు కత్తిరిస్తారు. మొండి చైన్ బెరడును చీలుస్తుంది, ఆ చీలికలోంచి తెగులు దూరుతుంది. నున్నటి కోతకు బోర్డో పేస్టు పూస్తే చెట్టే గాయం మూసుకుంటుంది.

ఇంత విద్య ఉన్నచోట ఇప్పుడేం జరుగుతోంది? ఒక్క మంచి చైన్ ధరకు నాలుగు నాసిరకం చైన్లు డబ్బాలో ఇంటికొస్తున్నాయి. వాటి మీద పేరుండదు, పిచ్ ఉండదు. రివెట్లు బిగుసుకుపోయి ఉంటాయి. పన్ను మీది క్రోమ్ పూత గట్టి మద్ది కొమ్మ తగిలితే నిలవదు. వాడి పారేయమని అమ్ముతున్నారు, మనం పారేస్తున్నాం. మరోపక్క గ్రైండర్ పట్టి పన్నును నీలంగా మాడ్చేసి "పదునైంది" అనేవాళ్లు. మాడిన ఉక్కులో చేవ పోతుంది, ఆ పన్ను ఇక నిలవదు. ఇంజన్లోంచి తీసిన కాలిన నూనె పోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇనుప రజను గాడిలోకి పోస్తున్నారు, ఆ విషాన్ని చెట్ల పాదుల్లో చల్లుతున్నారు. వంటనూనె పోసి నెలలు పక్కన పెట్టినా జిగురై పట్టేస్తుంది. చైన్ కోసమే తయారైన నూనె ఉంది, దాన్ని వాడండి.

నా పక్షం దాచుకోను. నాది ఆకురాయి పక్షం. గ్రైండర్ తప్పు లేకుండా పట్టే నిపుణులు ఉండొచ్చు, వాళ్లకు దండం. అయినా చేత్తో పెట్టిన పదునుకు నా ఓటు.

రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. రైతుకు ఏ కొమ్మ ఎక్కడ కోయాలో చెప్పే శిక్షణల్లో ఆ కోసే పన్నుకు పదునెలా పెట్టాలో ఒక గంట పాఠం చేర్చండి. ఐటీఐలు మా పెద్దాయన లాంటివాళ్లను పిలిచి పిల్లల చేత ఆకురాయి పట్టించండి. రంపం కొనేవాళ్లు చైన్‌తో పాటు సరైన ఆకురాయి కూడా అడగండి. పదును పెట్టిన చేతికి బేరమాడకుండా కూలి ఇవ్వండి. ఆ కూలి గిట్టుబాటైతేనే మా పెద్దాయన కొడుకు ఆయన పీట మీద కూర్చుంటాడు.