ఎక్కనివాళ్లకూ అది పార్కే

అమ్యూజ్‌మెంట్ పార్కులోకి అడుగుపెట్టగానే పిల్లల కళ్లు రోలర్ కోస్టర్ మీదికి పోతాయి. నా కళ్లు దాని కింద బ్యాగులకు కాపలా కూర్చున్నవాళ్ల మీదికి పోతాయి. నానమ్మలు, తాతయ్యలు, చంటిపిల్లల తల్లులు, కడుపుతో ఉన్నవాళ్లు, బీపీ, నడుంనొప్పి ఉన్నవాళ్లు. మన కుటుంబాలు పార్కుకి వెళ్తే ఇంటిల్లిపాదీ వెళ్తారు. అందులో చాలామంది పెద్ద రైడ్లు ఎక్కరు. టికెట్టు మాత్రం వాళ్లకూ కొంటాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్లకు ఆ రోజు ఎలా గడిచిందన్నదే, నా దృష్టిలో పార్కుకి అసలు పరీక్ష.

ప్రపంచంలో అందరికీ తెలిసిన పార్కు పుట్టింది కూడా అలా కింద కూర్చున్న ఒక తండ్రి ఆలోచనలోంచే. వాల్ట్ డిస్నీ తన కూతుళ్లు డయాన్‌ను, షారన్‌ను లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్లేవారు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తాను బల్ల మీద కూర్చుని పల్లీలు తింటూ ఉండేవారు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి కట్టాలన్న ఆలోచన అక్కడే కలిగిందని తర్వాత ఆయనే చెప్పారు. 1951లో ఆయన డెన్మార్క్ వెళ్లి కోపెన్‌హాగెన్‌లోని టివోలీ గార్డెన్స్ చూశారు. 1843 నుంచి నడుస్తున్న ఆ పార్కులో ఆటలు ఎంతగా ఉన్నాయో, పూలతోటలు, కచేరీలు, దీపాల అలంకరణ అంతగా ఉన్నాయి. నడిచి తిరిగేవాళ్లకీ అక్కడ పండగే. ఆ తర్వాత కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో నారింజ తోటలున్న నేల కొని, ఏడాదిలో కట్టించి, 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచారు. గ్రిఫిత్ పార్కు నాటి బల్లను తర్వాత డిస్నీలాండ్‌లోనే ప్రదర్శనకు ఉంచారు.

అమెరికాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు అక్కడికి వెళ్లి డిస్నీ పార్కో నయాగరానో చూడకుండా తిరిగి రావడం అరుదు. మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు అత్తయ్యనూ డిస్నీలాండ్‌కి తీసుకెళ్లాం. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, షుగర్. గేటు దగ్గర వీల్‌చైర్ అద్దెకు తీసుకుందామంటే ఒప్పుకోలేదు. "నేనేమన్నా మంచాన పడ్డానా?" అన్నారు. "అలా కాదమ్మా, రాత్రి బాణసంచా దాకా నువ్వు మాతోనే ఉండాలని" అని మా ఆడపడుచు చెప్పాక కూర్చున్నారు.

అక్కడ 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' అనే పడవ ప్రయాణం ఉంది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం యూనిసెఫ్ పేరున తయారుచేసి, 1966లో డిస్నీలాండ్‌కి తెచ్చారు. మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణి దాని రూపురేఖలు దిద్దింది. పడవ నెమ్మదిగా సాగుతుంటే రెండు పక్కలా దేశదేశాల పిల్లల బొమ్మలు ఆడుతూ పాడుతూ ఉంటాయి. ఎక్కడానికి ఎత్తుతో పనిలేదు, వయసుతో పనిలేదు. "ఇది మన బొమ్మల కొలువే కదే! నీళ్ల మీద పెట్టారంతే" అని అత్తయ్య సంబరపడిపోయారు. తర్వాత పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలెక్కాం. మధ్యాహ్నం అందరం నీడన కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. సొంతానికి తెచ్చుకున్న తిండిని అక్కడ లోపలికి రానిస్తారు.

మా చిన్నది ఎత్తు చాలక పెద్ద కోస్టర్ దగ్గర ఆగిపోయింది. దానికీ అక్కడ ఓ ఏర్పాటుంది. ఒకరు పిల్లతో బయట ఉంటే మిగిలినవాళ్లు ఎక్కి వస్తారు. ఆ తర్వాత బయట ఉన్నవాళ్లు మళ్లీ పెద్ద క్యూలో నిలబడకుండా ఎక్కొచ్చు. రైడర్ స్విచ్ అంటారు. తల్లో తండ్రో ఎవరో ఒకరు త్యాగం చేయాల్సిన పనిలేదు. దీనికి కావలసింది ఆలోచన, ఆ పని చూసే మనిషి. పెద్ద పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

ఆటలకు మన దగ్గరా కొదవలేదు. 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదలైన పార్కు, 'వండర్‌లా' అని పేరు మార్చుకుని, 2016లో హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలకూ వచ్చింది. అక్కడి రీకాయిల్ అనే కోస్టర్ మా అబ్బాయికి ప్రాణం. రైలును వెనక్కి ఎత్తుకు లాగి వదిలేస్తారు. అది ముందుకు దూసుకొచ్చి, తలకిందులై, అవతలి కొసకు ఎగబాకి, అదే దారిన వెనక్కి వస్తుంది. మొదటిసారి చూసిన అత్తయ్య "ఊడి పడదట్రా?" అని కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మావారు ఓపిగ్గా చెప్పారు. సాధారణంగా కోస్టర్ పెట్టెలకు ఇంజను ఉండదు. ఎత్తుకు లాగేవరకే యంత్రం పని, అక్కడి నుంచి భూమ్యాకర్షణే నడిపిస్తుంది. చక్రాలు పట్టాల పైనా, పక్కనా, కిందా మూడు వైపులా పట్టుకుని ఉంటాయి కాబట్టి పట్టా వదలదు. తలకిందులయ్యే చుట్టు కూడా నిండు గుండ్రంగా ఉండదు, నీటిబొట్టులా పైన సన్నగా ఉంటుంది. 1895లో కోనీ ఐలాండ్‌లో గుండ్రటి చుట్టుతో కట్టిన కోస్టర్ జనం మెడలు పట్టేసేలా చేసింది. 1976లో వెర్నర్ స్టెంగెల్ లెక్కలు కట్టి కాలిఫోర్నియాలో నీటిబొట్టు చుట్టును నిలబెట్టాకే తలకిందుల ప్రయాణం అందరికీ అందింది.

ఇదంతా విన్నాక అత్తయ్య భయం తీరి, మనవడి బండి ఎక్కడిదాకా వచ్చిందో మాకే చూపించడం మొదలుపెట్టారు. ఎక్కనివాళ్లకు విషయం విప్పి చెబితే చూడటం కూడా ఆటే అవుతుంది. ప్రతి పెద్ద రైడ్ పక్కనా ఈ నాలుగు ముక్కలూ తెలుగులో బోర్డు మీద రాసి, ఎదురుగా నీడన రెండు బల్లలు వేస్తే ఎంత బాగుంటుంది!

నిజానికి ఇంటిల్లిపాదికీ ఏదో ఒకటి ఉండే ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. జాతరలో రంగులరాట్నం పిల్లలదైతే, గాజుల దుకాణం ఆడవాళ్లది, హరికథ ముసలివాళ్లది. 1938లో మొదలైన నాంపల్లి నుమాయిష్‌ది కూడా అదే దారి. సాధారణంగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా పిల్లలు జెయింట్ వీల్ ఎక్కుతారు, పెద్దలు శాలువాలు బేరమాడతారు, అందరూ కలిసి మిర్చి బజ్జీలు తింటారు. 1996 నాటి రామోజీ ఫిల్మ్ సిటీలో బస్సులో కూర్చోబెట్టి సెట్టింగులన్నీ తిప్పి చూపిస్తారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది పెద్ద ఊరట. ఇక బయటి దేశాల సంగతి చూస్తే, సింగపూర్‌లో ఎండా వానా మనకంటే తక్కువేం కాదు. అక్కడి యూనివర్సల్ స్టూడియోస్‌లో హాలీవుడ్ వీధి మీద పెద్ద కప్పు వేశారు.

కానీ మన దగ్గరే ఒక పార్కుకి ఎండాకాలం సెలవుల్లో వెళ్లినప్పుడు, నీడ దొరక్క అత్తయ్య లాకర్ల గది మెట్ల మీద కూర్చున్నారు. వేళకు తినాల్సిన మనిషి కోసం తెచ్చిన పెరుగన్నం గేటు దగ్గరే ఆపేశారు. మందులేసుకునే ముందు తినడానికి ఆవిడకు నచ్చింది ఏదీ లోపల దొరకలేదు. ఆ రోజు పిల్లలకు ఎంత సరదాగా గడిచినా, ఇంటికి వెళ్లే దారిలో ఆవిడ మొహం చూసి నాకు కోపమూ బాధా రెండూ వచ్చాయి. అది ఎవరూ కోరి చేసిన అన్యాయం కాకపోవచ్చు. ఆ పార్కు నమూనా గీసినవాళ్ల కాగితం మీద మాత్రం ఆవిడ లేరు.

అందుకే పార్కులు నడిపేవాళ్లకు నా విన్నపం. ప్రతి రైడ్ బయటికొచ్చే దారిలో నీడన కూర్చునే చోటు ఇవ్వండి. నడిచే దూరంలో చల్లటి మంచినీళ్లు పెట్టండి. షుగర్ ఉన్నవాళ్ల తిండిని, పసిపిల్లల తిండిని గేటు దగ్గర ఆపకండి. తల్లిదండ్రులు వంతులేసుకుని ఎక్కే వీలు కల్పించండి. రైడ్లు ఎక్కనివాళ్లకు విడిగా తక్కువ ధర టికెట్టు పెట్టండి. కొత్త కోస్టర్ తెప్పించడానికయ్యే ఖర్చు ముందు ఇవి లెక్కలోకే రావు.

కుటుంబాలు చేయాల్సిందీ ఉంది. వీలైతే చలికాలంలో వెళ్లండి. లోపలికి వెళ్లగానే తలోదిక్కూ పోకుండా, మొదటి ఆట ఇంట్లో పెద్దవాళ్లు ఎంచుకున్నది ఆడండి. బ్యాగులు లాకర్లో పెట్టండి, అమ్మ ఒళ్లో పెట్టకండి. ఈసారి టికెట్లు కొనేముందు పిల్లల్ని ఏ రైడ్ ఎక్కుతారని అడిగినట్టే, పెద్దవాళ్లను ఏం చూస్తారని అడగండి. వాళ్ల జవాబును బట్టి ఆ రోజు ప్రణాళిక వేసుకోండి.