తొలి వాచకం ఎవరి నోటితో మాట్లాడుతుంది?

రెండో తరగతిలో సారు బోర్డు మీద "గోపి బడికి వచ్చాడు" అని రాసి నన్ను చదవమన్నడు. నేను "గోపి బడికి వచ్చిండు" అని చదివిన. దెబ్బ పడ్డది. మళ్ళ చదివిన. మళ్ళ "వచ్చిండు" అనే వచ్చింది. "వీనికి చదువు రాదు, గొడ్ల కాడికి తోలుండ్రి" అన్నడు సారు. పాలకుర్తి దగ్గరి ఒక ఊరి బడి అది. అప్పటికి జనగామ జిల్లా లేదు, అంతా వరంగల్ జిల్లానే. అదే సారు సాయంత్రం అరుగు మీద కూసొని "పట్నం నుంచి ఎవరొచ్చిండ్రా?" అని అడిగేటోడు.

సానుభూతి కోసం ఈ ముచ్చట చెప్పడం లేదు. ఆనాడు నేను తప్పు చదివిననా, సరిగ చదివిననా? మా ఇంట్ల యూనివర్సిటీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే. ఈ ప్రశ్న తేల్చుకోవడానికి అక్కడిదాకా పోవాల్సి వచ్చింది.

సరిగనే చదివిన. అక్షరాలు రానోడు "గోపి", "బడికి" అని చదవలేడు. నేను అక్షరాలను పోల్చుకున్న, అర్థాన్ని పట్టుకున్న, పట్టుకున్న అర్థాన్ని మా ఇంటి తెలుగులో పలికిన. అర్థం కాకపోతే "వచ్చాడు" అన్నది "వచ్చిండు"గా మారనే మారదు. సారు తప్పుగా లెక్కగట్టింది నిజానికి నాకు చదవడం వచ్చిందనడానికి రుజువు. పలకడం వేరు, చదవడం వేరు. ఈ రెంటినీ ఒకటి చేసి చూడడం వల్ల ఎంతమంది మాల, మాదిగ, లంబాడ, కోయ పిల్లలు మొద్దులని ముద్రపడి బడికి దూరమయ్యారో మనం ఆలోచించాల్సి ఉంది.

ఇది మన ఒక్కరి కథ కాదు. 1960లలో న్యూయార్క్‌లోని హార్లెంలో విలియం లబోవ్ నల్లజాతి పిల్లల మాటను పరిశోధించిండు. అది చెడిపోయిన ఇంగ్లీషు కాదని, దానికి తనదైన వ్యాకరణం ఉందని చూపించిండు. మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్ పట్టణంలో నల్లజాతి పిల్లల తరఫున బడి యాజమాన్యం మీద కోర్టులో దావా పడింది. 1979లో జడ్జి చార్లెస్ జాయినర్ తీర్పు ఇచ్చిండు. పిల్లల ఇంటి భాషను టీచర్లు గుర్తించకపోవడం వాళ్ళు చదవడం నేర్చుకోవడానికి అడ్డంకి అయిందని, ఆ భాషను లెక్కలోకి తీసుకొని చదువు చెప్పేలా టీచర్లను తయారుచేయాలని ఆ తీర్పు సారం. అంటే ముందు మారాల్సింది టీచరు చెవి.

ఇక మన వాచకాల సంగతి. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష వచ్చిన నాటి నుంచి తెలుగు పిల్లల తొలి చదువు అక్షరమాలతోనే మొదలవుతున్నది. ఇవాళ్టికీ బడి గోడల మీద చార్టులు చూడండి: ఋ - ఋషి, ఐ - ఐరావతం, ఖ - ఖడ్గం, ధ - ధనుస్సు, ర - రథం, శ - శంఖం. వీటిలో గూడెం పిల్ల చేతితో ముట్టుకున్న వస్తువు ఏది? వస్తువుల మాట పక్కన పెట్టి అక్షరాలనే చూద్దాం. ఖ, ఘ, ఛ, ఝ, ధ, భ లాంటివి అచ్చ తెలుగు మాటల్లో దాదాపు ఉండవు. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణమే సంస్కృతానికి 50 వర్ణాలనీ, తెలుగుకు 36 అనీ లెక్కగట్టింది. పండితుని వ్యాకరణం ఒప్పుకున్న తేడాను బడి గోడ ఒప్పుకోదు. "బూమి" అన్న పిల్లకు నోరు తిరగదంటారు. ఆమె నోరు తన తెలుగులోనే తిరుగుతున్నది.

గ్రాంథికం మీద పోరాడిన వ్యావహారిక ఉద్యమం ఈ లెక్క సరిచేసిందా? గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు తయారుచేసిన మనిషి. ఆ పని గొప్పది. కానీ బడిలోకి వచ్చింది శిష్ట వ్యావహారికం. శిష్టులెవరో మనకు తెలుసు. "వచ్చెను" పోయి "వచ్చాడు" వచ్చింది. "వచ్చిండు" మాత్రం బడి బయటనే నిలబడ్డది.

మన విమర్శలో ఉన్న లోటు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వరంగల్ జిల్లా నుంచే వచ్చిన కంచ ఐలయ్య 1996లో తన 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ'లో బడి పుస్తకాల దేవుళ్ళూ భాషా తమకు ఎంత పరాయివో రాసిండు. 2008లో అన్వేషి తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' పుస్తకాల్లో గోగు శ్యామల, ఖదీర్ బాబు లాంటి రచయితల కథలు పిల్లల ముందుకు వచ్చాయి. వాచకంలో మా బతుకు ఉందా అని మనం అడిగినం. అడగాల్సిందే. కానీ వాచకాన్ని చదివే మా నోటిని తప్పుగా ఎందుకు లెక్కగడుతున్నారని అంత గట్టిగా అడగలేదు. ఇప్పుడు టీచర్లలో మనవాళ్ళూ ఉన్నారు. ఎర్ర పెన్ను పట్టుకొని వాళ్ళూ "వచ్చిండు"ను కొట్టేస్తున్నారు.

ఈ ప్రశ్న ఇవాళ మరింత అవసరం. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్, మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు తప్పు లేకుండా, అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. 2022 ఆగస్టులో తెలంగాణలో తొలిమెట్టు మొదలైంది. లక్ష్యాన్ని కాదనడం లేదు. పిల్లలు చదవలేకపోతే నష్టం మనకే. కానీ తప్పు అంటే ఏంది, ఎవరి తెలుగుతో కొలిచి తప్పంటున్నరు? "భూమి"ని "బూమి" అని చదివిన పిల్లకు ఒక పదం తెగ్గోస్తే ఆ అంకె కొలిచింది చదువునా, పుట్టుకనా?

మానుకోట తండాల్లో సంగతి ఇంకా లోతుగా ఉంటది. అక్కడ "అ - అమ్మ" దగ్గరే పిల్లవాడు ఆగిపోతడు. వాని ఇంట్ల అమ్మ "యాడి". కొత్తగూడ, గంగారం వైపు కోయ పిల్లలకు తెలుగు మొత్తమే రెండో భాష. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టినప్పుడు అందులో కోయ, బంజారా కూడా ఉన్నాయి. దారి తెలియక కాదు, ఆ దారిని అన్ని బడుల దాకా వేయలేదు.

కొందరు మిత్రులు రెండు అభ్యంతరాలు తెస్తారు. ఒకటి, ఇంటి భాష పేరుతో మా పిల్లలను గూడెంలోనే ఉంచుతారా, ఇంగ్లీషు వద్దా అని. ఇంగ్లీషు కావాలి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో వచ్చిన ఇంగ్లీషు మీడియం మనం అడిగిందే. కానీ చదవడం అనే పని తనకు తెలిసిన మాటలతో ఒకసారి పట్టుబడితే, దాన్ని పిల్లవాడు ఇంకో భాషకు తీసుకుపోగలడు. రెండోది, అక్షరాలు నేర్పొద్దంటున్నారా అని. గట్టిగా నేర్పాలంటున్నా. గుణింతాలు, ఒత్తులు కలిస్తే మన లిపిలో గుర్తులు వందల్లో ఉంటాయి. మన లిపికి దగ్గరి కన్నడంలో సోనాలి నాగ్ చేసిన పరిశోధన, పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడడానికి కొన్ని ఏండ్లు పడుతుందని చెప్పింది. ఒకటో తరగతిలోనే అన్నీ రావాలనడం అన్యాయం. కాకి బొమ్మ చూసి "పిట్ట" అన్న పిల్ల చదవలేదు, ఊహించింది. ఆ పిల్లకు "క" నేర్పాల్సిందే. ఈ తప్పుకూ "వచ్చిండు"కూ ఉన్న తేడా టీచరుకు తెలియాలి.

తెలుసుకోవడం కష్టం కాదు. పిల్ల వేరేగా చదివితే దిద్దే ముందు రెండు పనులు చేయాలి. అర్థం అడగాలి. అదే అక్షరాన్ని ఇంకో మాటలో చూపాలి. రెండూ చెప్తే ఆ పిల్లకు చదవడం వచ్చినట్టే.

ఒత్తులకు మన ఇండ్లలో మాటలకు కరువు లేదు. డప్పు, చెప్పు, ఉప్పు, పప్పు, నిప్పు: ఐదు మాటల్లో ఒకటే ఒత్తు. భూపాలపల్లిలో "బొగ్గు" తెలియని పిల్ల ఉండదు. దాని పక్కన ముగ్గు, మొగ్గ, లగ్గం రాస్తే "గ్గ" వచ్చేస్తది. "చెప్పు", "డప్పు" అనగానే తరగతిలో కొందరు నవ్వుతారు. టీచరు అసలు పరీక్ష అక్కడే. నవ్వును దాటేయకుండా ఆ పనిలో ఉన్న నేర్పును చెప్పాలి.

పిల్ల చెప్పిన మాటను చెప్పినట్టే బోర్డు మీద రాయాలి: "నాయిన చెర్వుకు పోయిండు." పిల్లతో చదివించాలి. దాని కింద "నాన్న చెరువుకు వెళ్ళాడు" అని రాయాలి. అదీ చదివించాలి. ఇది మన ఇంటి మాట, ఇది పుస్తకం మాట అని చెప్పాలి. దేన్నీ కొట్టేయొద్దు. పిల్ల రెంటికీ యజమాని కావాలి.

సంఘాల మిత్రులకు ఒక మాట. చదివే పరీక్ష కాగితంలో ఒక గడి అదనంగా కావాలని అడుగుదాం: "ఇంటి మాటలో చదివింది, అర్థం చెప్పింది." అందులో టిక్ పడితే మార్కు తెగొద్దు. దానికి పైసా ఖర్చు లేదు, కొత్త పుస్తకం అక్కర్లేదు. ఆ గడి నా రెండో తరగతిలో ఉంటే, నాకు చదువు వచ్చిందని సారుకు ఆ రోజే తెలిసేది.