బిందె మీద ఎవరి పేరు?

జవహర్‌నగర్‌లో స్క్రాప్ దుకాణాలకు కొదవ లేదు. ఇనుము, అట్టలు, ప్లాస్టిక్ ఎక్కడ పడితే అక్కడ పడేసినా, ఇత్తడిని మాత్రం యజమాని తన కళ్లెదుటే పెట్టుకుంటాడు. ఆ మూలకు తొంగిచూడకుండా ముందుకు పోవడం నా వల్ల కాదు.

మొన్నొక పాత బిందె కంటపడింది. మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా పొడిచిన ఆడపేరు. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిందై ఉంటుంది. నడుం చుట్టూ అతుకు. పై సగం, కింది సగం విడివిడిగా సాగగొట్టి, అంచులు పళ్లలా కోసి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి టంకం పోశారు. వేలితో తడిమినా తగలనంత నున్నగా ఉంది. లోపల మాత్రం సుత్తి దెబ్బలు వరస తప్పకుండా కనిపిస్తున్నాయి. ఇంత పని చేసిన కంచరి పేరు ఎంత వెతికినా లేదు. పెట్టినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు గుర్తుండాలనుకున్నాం. చేసినవాణ్ని అడగనే లేదు.

అన్నిచోట్లా ఇలాగే లేదు. అమెరికాలోని బోస్టన్ కంసాలి పాల్ రివియర్ 1768లో చేసిన వెండి గిన్నె అక్కడి లలితకళల మ్యూజియంలో ఉంది. చేయించుకున్న 15 మంది పేర్లు దాని అంచు చుట్టూ చెక్కి ఉంటాయి. అడుగున రివియర్ పేరూ ఉంటుంది. ఆ కాలపు అమెరికా రాగి కెటిళ్లకూ మన బిందెకున్నట్టే పళ్ల అతుకు, లోపల తగరం పూత. మన కళాయే! పనితనంలో మనవాళ్లు ఎందులో తక్కువ?

చేసినవాళ్ల పేర్లు దక్కకపోయినా, మనకు ఇత్తడి పని చేసే ఊళ్ల పేర్లయినా మిగిలాయి. శ్రీకాకుళం వైపు బుడితి, జనగామ దగ్గర పెంబర్తి. పెంబర్తి విశ్వకర్మలు ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మీద పరిచి, ఉలితో బొమ్మ పైకి తేలేలా కొడతారు. ఒకప్పుడు గుళ్లకు, రథాలకు తొడుగులు చేశారు. నిజాం కాలంలో పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు చేశారు. ఇప్పుడు ఎక్కువగా జ్ఞాపికలు, షీల్డులు. ఈ రెండు ఊళ్ల పనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ అది ఊరికి దక్కిన గుర్తింపు. నేను చూసిన షీల్డుల మీద సన్మానం పొందినవారి పేరుంది, ఇచ్చిన సంఘం పేరుంది, ముఖ్య అతిథి పేరు కూడా ఉంది. ఉలి పట్టినవారి పేరు లేదు.

ఈసారి సంఘం తరఫున షీల్డు చేయించేవాళ్లు ఒక్క మాట అడగండి: "అడుగున మీ పేరు కూడా కొట్టండి." వాళ్ల చేతిలో అది ఐదు నిమిషాల పని.